థియేటర్‌లో చూసిన సినిమా, ఇంట్లో చూసిన సినిమా: ఏది ఎక్కడ చూడాలి, ఎవరి అభిప్రాయాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి

ఇటీవల చూసిన ఒక సినిమా గురించి నేనూ నా స్నేహితురాలూ దాదాపు గంటసేపు వాదించుకున్నాం. మొదటి అరగంటలో మాటలు చాలా తక్కువగా ఉండి, గాలి హోరు, అడుగుల చప్పుడు, దూరంగా కదిలే మనుషుల ఆకారాలతో నడిచే ఆ సినిమా నన్ను కుర్చీకి కట్టిపడేసింది. ఆమెకు మాత్రం అందులో ఏమీ జరిగినట్టే అనిపించలేదు. కథ గురించి, నటన గురించి, దర్శకుడి ఉద్దేశం గురించి ఎంత మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరి తలకెక్కలేదు. చివరికి ఎలా చూశావని అడిగితే అసలు సంగతి బయటపడింది. నేను థియేటర్‌లో ఒకే బిగిన చూశాను; ఆమె మూడు రాత్రులు, నిద్రకు ముందు, ట్యాబ్‌లో కొంచెం కొంచెంగా చూసింది. మా ఇద్దరి అభిప్రాయాలూ నిజాయితీగా చెప్పినవే, కానీ మేమిద్దరం మాట్లాడుతున్నది ఒకే అనుభవం గురించి కాదు.

ఆ రోజు నుంచి నేను సినిమాను ఎంచుకునేటప్పుడు, దాని గురించి ఇతరులకు చెప్పేటప్పుడు, ఇతరులు చెప్పింది వినేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: ఈ అభిప్రాయంలో సినిమాకు చెందినది ఎంత, చూసిన చోటుకు చెందినది ఎంత? ఈ లెక్క తేలితే తప్ప ఏ సినిమాకు థియేటర్‌కు వెళ్లాలో, దేనిని ఇంట్లో చూస్తే సరిపోతుందో, ఎవరి మాట విని నిర్ణయం తీసుకోవాలో తేలదని నా నమ్మకం.

ఒంటరిగా చిన్న తెర మీద చూడటం ఈ తరంలో పుట్టిన అలవాటని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. 1894లో న్యూయార్క్‌లో ప్రజల ముందుకు వచ్చిన ఎడిసన్ కైనెటోస్కోప్ ఒక చెక్క పెట్టె. ఒక్కొక్కరే వంగి, పైనున్న రంధ్రంలోంచి లోపలి బొమ్మలను చూసేవారు. ల్యూమియేర్ సోదరులు పారిస్‌లోని గ్రాండ్ కెఫేలో డబ్బు చెల్లించి వచ్చిన ప్రేక్షకులందరికీ ఒకే తెర మీద బొమ్మలు చూపించింది 1895 డిసెంబరు 28న. అంటే కదిలే బొమ్మను ఒంటరిగా చూడటమూ, గుంపుగా చూడటమూ రెండేళ్లలోపు తేడాతో పుట్టిన తోబుట్టువులు. కాబట్టి ఒకటి అసలైన పద్ధతి, రెండోది దానికి నకలు అనే ధోరణిలో ఈ పోలిక చేయడం నాకు ఇష్టం లేదు. ఒక్కొక్క సినిమాకు ఏది సరిపోతుందన్నదే ఇక్కడ ప్రశ్న.

తెర: అంగుళాలు కాదు, కోణం

థియేటర్‌కూ ఇంటికీ తేడా ఏమిటంటే అందరూ ముందుగా తెర పరిమాణమే చెబుతారు. నిజానికి తెర ఎంత పెద్దదన్న దానికంటే అది మన చూపులో ఎంత భాగాన్ని ఆక్రమిస్తుందన్నది ముఖ్యం. సాంకేతిక నిపుణులు దీనిని కోణంలో కొలుస్తారు. తెర కుడి అంచు నుంచి ఎడమ అంచు వరకు మన కంటి దగ్గర కనీసం 30 డిగ్రీల కోణం ఏర్పడాలని ఒక ప్రమాణం చెబుతుంది. సినిమా హాలులో ఉన్న అనుభూతి రావాలంటే 40 డిగ్రీల వరకు ఉండాలని మరొకటి చెబుతుంది. 55 అంగుళాల టీవీకి 30 డిగ్రీలు రావాలంటే సుమారు ఏడున్నర అడుగుల దూరంలో, 40 డిగ్రీలు రావాలంటే సుమారు అయిదున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. అదే టీవీని పదకొండు అడుగుల దూరం నుంచి చూస్తే కోణం 21 డిగ్రీలకు పడిపోతుంది. పదిహేను సెంటీమీటర్ల పొడవున్న ఫోన్‌ను అడ్డంగా తిప్పి కంటికి నలభై సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నా దాదాపు అంతే కోణం వస్తుంది. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను నమ్మలేక టేపు పట్టుకుని మళ్లీ కొలిచాను. అంత డబ్బు పోసి కొన్న టీవీని గదికి ఆ చివరన పెట్టుకుని, ఫోన్‌లో చూసేవారి మీద జాలి పడటంలో అర్థం లేదని అప్పుడు తెలిసింది. ఆ రోజే సోఫాను ముందుకు జరిపాను.

కోణం తగ్గితే పోయేదేమిటో ఒక సన్నివేశంలో చక్కగా కనిపిస్తుంది. డేవిడ్ లీన్ 65 ఎంఎం వెడల్పాటి ఫిల్ము మీద తీయగా, 1962లో 70 ఎంఎం ప్రింట్లతో విడుదలైన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో, ఎడారిలో బావి దగ్గర ఇద్దరు మనుషులు దిగంతం వైపు చూస్తూ నిలబడతారు. ఎండమావి నీళ్లలా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకులో ఒక నల్లటి చుక్క పుడుతుంది. అది చాలాసేపు చుక్కగానే ఉండి, మెల్లగా నిలువు గీతలా సాగి, ఆ తర్వాత ఒంటె మీద వస్తున్న మనిషిగా మారుతుంది. ఆ మనిషి నటుడు ఒమర్ షరీఫ్. ఈ దృశ్యం కోసం 482 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన లెన్సు వాడారు. పెద్ద తెర మీద ఆ చుక్క కోసం మన కళ్లు కూడా దిగంతమంతా వెతుకుతాయి, దొరికాక అది దగ్గరయ్యే ప్రతి క్షణానికీ భయం పెరుగుతుంది. చిన్న తెర మీద మొదటి కొన్ని క్షణాలు చుక్క కనిపించనే కనిపించదు. ఖాళీ ఇసుక కనిపిస్తుంది, ప్రేక్షకుడి చెయ్యి ఫోన్ వైపు వెళుతుంది, తల ఎత్తేసరికి ఒంటె వచ్చేసి ఉంటుంది. అప్పుడు 'ఈ సినిమా సాగదీశారు' అన్న మాట రావడంలో ఆశ్చర్యం లేదు. అతను అబద్ధం చెప్పడం లేదు, అతనికి చుక్క అందలేదు.

జాక్ తాతీ 1967లో తీసిన 'ప్లేటైమ్' కూడా ఇలాంటిదే. తమాషా అంతా తెర మధ్యలో కాక మూలల్లో, వెనుక వరుసల్లో, ఒకేసారి నాలుగైదు చోట్ల జరుగుతుంది. చిన్న తెర మీద ఆ మూలలు కలిసిపోయి అందులో హాస్యమే లేదనిపిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది సిడ్నీ లూమెట్ 1957లో తీసిన '12 యాంగ్రీ మెన్'. దాదాపు సినిమా అంతా ఒకే గదిలో, పన్నెండు మంది మధ్య జరుగుతుంది. కథ ముందుకు సాగేకొద్దీ ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న (దూరాన్ని దగ్గరగా చూపే) లెన్సులు వాడుతూ, కెమెరాను కంటి ఎత్తు కంటే పైనుంచి క్రమంగా కిందికి దించుతూ, గది గోడలు మనుషుల మీదికి వచ్చి పడుతున్నట్టు చేశారు. ఆ ఉక్కిరిబిక్కిరి ఇంట్లో, లైట్లు ఆర్పి, టీవీకి దగ్గరగా కూర్చుని చూసినా చెక్కుచెదరదు. నా వరకైతే నాలుగు గోడల మధ్య చూడటం వల్ల అది ఇంకొంచెం పెరిగింది. ముఖాల మీద నడిచే సినిమాకు ఇల్లు తక్కువ కాదు, దూరాల మీద నడిచే సినిమాకు ఇల్లు చాలదు. తెర విషయంలో నేను పెట్టుకున్న కొండగుర్తు ఇదే.

వెలుగు విషయంలో మాత్రం థియేటర్‌దే పైచేయి అని చెప్పలేను. డిజిటల్ ప్రొజెక్షన్‌లో తెల్లటి రంగు వెలుగుకు ప్రమాణం 48 నిట్లు (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) మాత్రమే. ఇంట్లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపగల) టీవీలు కొన్ని వందల నిట్ల నుంచి వెయ్యికి పైగా ఇవ్వగలవు. ప్రతి చుక్కా తానే వెలిగి తానే ఆరే మంచి ఓఎల్‌ఈడీ తెర మీద నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది, మామూలు హాలులో అది ముదురు బూడిద రంగులోకి దిగుతుంది. అయితే ఇంట్లో ఆ లాభాన్ని తినేసేది సినిమా మన దగ్గరికి వచ్చే దారి. థియేటర్‌కు వెళ్లే డిజిటల్ ప్రతిలో బొమ్మకు సెకనుకు 250 మెగాబిట్ల (డిజిటల్ సమాచారానికి కొలత) వరకు చోటు ఉంటుంది. స్ట్రీమింగ్‌లో 4కే బొమ్మ సాధారణంగా 15 నుంచి 25 మెగాబిట్లలో సర్దుకోవాలి. కుదింపు పద్ధతులు వేరు కాబట్టి పదింతలు తక్కువ నాణ్యత అని అనకూడదు, కానీ పొగమంచు, చీకటి, వాన ఉన్న దృశ్యాల్లో ఆ కుదింపు మెట్లు మెట్లుగా కంటికి కనిపిస్తుంది. రాత్రిపూట జరిగే కథను ఇంట్లో చూసి 'కెమెరా పనితనం బాగాలేదు' అనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

టీవీ చేసే తప్పు దర్శకుడి మీదికి

ఇంట్లో చూసేవారు తప్పక సరిచేసుకోవాల్సినది ఒకటుంది. సినిమాలు చాలావరకు సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో తీస్తారు. కొత్త టీవీలు ఆ ఫ్రేముల మధ్య తామే కొత్త ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేస్తాయి. దీనినే మోషన్ స్మూతింగ్ అంటారు. కంపెనీని బట్టి పేరు మారుతుంది. ఆటల ప్రసారాలకు ఇది బాగుంటుంది. సినిమాకు మాత్రం ఖర్చు పెట్టి కట్టిన సెట్టు అట్టముక్కలా, గొప్ప నటన రిహార్సల్‌లా కనిపించేలా చేస్తుంది. 2018లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టొఫర్ మెక్‌క్వారీ కలిసి దీనిని ఆపేయమని ప్రేక్షకులను కోరుతూ ఒక వీడియో విడుదల చేశారు. 2019లో టీవీ తయారీదారులు, స్టూడియోలు కలిసిన యూహెచ్‌డీ అలయన్స్ 'ఫిల్మ్‌మేకర్ మోడ్'ను ప్రకటించింది; అది నొక్కితే ఈ అదనపు సోకులన్నీ ఆగిపోయి, బొమ్మ తీసినవారు అనుకున్న రంగుల్లో, అనుకున్న వేగంతో కనిపిస్తుంది. మీ టీవీలో ఆ మోడ్ లేకపోతే 'సినిమా' లేదా 'మూవీ' అని ఉన్న పిక్చర్ మోడ్ ఎంచుకుని, మోషన్‌కు సంబంధించిన ఆప్షన్‌ను చేత్తో ఆపండి. 'ఎందుకో సీరియల్‌లా ఉంది' అని ఎవరైనా ఒక సినిమా గురించి అంటే, నేను మొదట అడిగేది టీవీ సెట్టింగుల గురించే.

శబ్దం: వాదన మొదలయ్యేది ఇక్కడే

బొమ్మ కంటే ధ్వనిలోనే థియేటర్‌కూ ఇంటికీ దూరం ఎక్కువని నాకు అనుభవం మీద తెలిసింది. హాలులో స్పీకర్లను 85 డెసిబెల్స్ ప్రమాణానికి సరిచేస్తారు, పెద్ద శబ్దాలు దానికి ఇరవై డెసిబెల్స్ పైకి వెళ్లగలవు. గుసగుసలు అందులో ఎంతో కిందికి దిగినా నిశ్శబ్దంగా ఉన్న హాలులో వినిపిస్తాయి. ఈ ఎత్తుపల్లాలే సినిమా ధ్వనికి ప్రాణం. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ అనే ధ్వని పద్ధతి అయితే 128 వరకు ధ్వని పాయలను విడివిడిగా నడిపి, వాటిని 64 వరకు స్పీకర్లలో ఏ మూలకైనా, తల పైకి కూడా పంపగలదు.

ఇప్పుడు అదే సినిమాను రాత్రి పదకొండింటికి, పక్క గదిలో ఎవరో నిద్రపోతుండగా, టీవీ వెనుక వైపు ఉన్న సన్నటి స్పీకర్లతో చూస్తున్న మనిషిని ఊహించుకోండి. గుసగుస వినిపించదని రిమోట్ నొక్కి ధ్వని పెంచుతాడు. వెంటనే తలుపు దబాలున పడుతుంది, ఉలిక్కిపడి తగ్గిస్తాడు. మళ్లీ మాటలు వినపడవు. రెండు గంటల పాటు అతని బొటనవేలు రిమోట్ మీదే ఉంటుంది. 'మాటలు సరిగ్గా రికార్డు చేయలేదు, నేపథ్య సంగీతం మింగేసింది' అని మర్నాడు అతను చెబితే, అందులో సగం నిజం అతని గదికి చెందినది.

ఇంట్లో దీనికి మూడు మార్గాలున్నాయి, మూడింటికీ వేర్వేరు మూల్యం ఉంది. టీవీలో ఉండే నైట్ మోడ్ ఎత్తుపల్లాలను చదును చేస్తుంది. మాటలు వినపడతాయి గానీ ఉరుము కూడా మాటంతే అవుతుంది. సబ్‌టైటిళ్లు పెట్టుకుంటే ఒక్క మాటా పోదు, కానీ కళ్లు తెర అడుగున ఉండిపోయి ముఖంలో మెదిలిన మార్పు జారిపోతుంది. పైగా నటుడు పలకకముందే మాట చదివేయడం వల్ల నవ్వు రావలసిన చోట రాదు. తెలియని భాషకు సబ్‌టైటిళ్లు ఎలాగూ తప్పవు, తెలిసిన భాషకు వాటిని అలవాటుగా పెట్టుకోవడమే నాకు నచ్చదు. మూడోది మంచి హెడ్‌ఫోన్లు. ఒక్కరే చూసేటప్పుడు నేను వీటికే ఓటు వేస్తాను. ఊపిరి, బట్టల గరగర, దూరంగా మూసుకున్న గేటు వంటివి హాలులో కంటే కూడా దగ్గరగా వినిపిస్తాయి. ఛాతీలో తగిలే ఆ అదురు మాత్రం ఉండదు.

ఒకే బిగిన, లేక ముక్కలుగా

ఇంట్లో చూసే సినిమాకు అతి పెద్ద శత్రువు పాజ్ బటన్ అని నేను గట్టిగా నమ్ముతాను. మనస్తత్వ శాస్త్రవేత్తలు బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, డేనియల్ కానెమన్ 1993లో చిన్న చిన్న ఫిల్ము ముక్కలు చూపించి జరిపిన పరిశీలనలో, చూసినవారి మొత్తం అభిప్రాయం ముక్క ఎంతసేపు నడిచిందన్న దాని మీద పెద్దగా ఆధారపడలేదు. అందులో అతి తీవ్రమైన క్షణం, చివరి క్షణాలు ఎలా ఉన్నాయన్న దాని మీద ఎక్కువగా ఆధారపడింది. దీనిని మన విషయానికి అన్వయించుకుంటే, మూడు రాత్రులు చూసిన సినిమాకు మూడు ముగింపులు ఉంటాయి, వాటిలో రెండు దర్శకుడు రాయనివి. నిద్ర ముంచుకొచ్చి ఆపిన చోటు కూడా మనసులో ఒక ముగింపుగా ముద్ర పడుతుంది. నా స్నేహితురాలి విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. మొదటి రాత్రి ఆమె ఆపింది సరిగ్గా ఆ మాటలు లేని అరగంట చివర, అసలు సంఘటనకు రెండు నిమిషాల ముందు.

పాజ్ బటన్‌కు మేలు కూడా లేకపోలేదు. చిక్కుముడి కథల్లో వెనక్కి వెళ్లి ఒక మాట మళ్లీ వినడం, డాక్యుమెంటరీలో ఒక పత్రాన్ని ఆపి చదవడం, నాలుగు గంటల చిత్రాన్ని నడుము నొప్పి లేకుండా పూర్తిచేయడం ఇంట్లోనే సాధ్యం. చిన్న పిల్లలు, పెద్ద వయసువారు, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవారు ఉన్న ఇంటికి అది సౌకర్యం మాత్రమే కాదు, అవసరం. ఆపక తప్పనప్పుడు ఒక సన్నివేశం పూర్తయ్యాక ఆపండి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అయిదు నిమిషాలు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. ఈ చిన్న జాగ్రత్తతో సినిమా తన లయను చాలావరకు నిలుపుకుంటుంది.

పక్కవారి నవ్వు

హాస్య చిత్రాన్ని హాలులో చూస్తే నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. సగటు హాస్యం కూడా గొప్పగా అనిపిస్తుంది. భయపెట్టే చిత్రం విషయంలో అందరూ ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దం డబ్బుతో కొనలేనిది. కాబట్టి ఈ రెండు రకాలకూ థియేటర్ వైపే మొగ్గుతాను. అయితే వీటి గురించి హాలు నుంచి అప్పుడే వచ్చినవారు చెప్పే పొగడ్తను కొంచెం తగ్గించి తీసుకోవాలి, ఎందుకంటే అందులో మూడు వందల మంది నవ్వు కలిసి ఉంటుంది. అదే హాస్యాన్ని ఇంట్లో ఒంటరిగా చూసి ఎవరైనా పకపకా నవ్వానని చెబితే ఆ మాటకు నేను రెట్టింపు విలువ ఇస్తాను. ఏడిపించే సినిమాల విషయం తలకిందులు. కొందరికి పదిమందిలో కన్నీళ్లు రావు, బిగుసుకుపోతారు. వారికి ఇల్లే మంచిది. ఇది ఎవరికి వారు తెలుసుకోవాల్సినదే.

ఎంచుకునే ముందు నేను చూసుకునేవి

ట్రైలర్ చూడండి, కానీ కథ కోసం కాదు. అందులో దూరపు దృశ్యాలు ఎక్కువగా ఉన్నాయా, ముఖాలు ఎక్కువగా ఉన్నాయా గమనించండి. నిశ్శబ్దం మీద ఆధారపడిన సినిమా అయితే, పోరాటాలు ఒక్కటి కూడా లేకపోయినా థియేటర్‌కే వెళ్లండి. చప్పుడు ఉన్న సినిమాలే పెద్ద తెరకు, నెమ్మదైనవి ఇంటికి అనే వర్గీకరణ చాలాచోట్ల వినిపిస్తుంది, అది తప్పని నా గట్టి అభిప్రాయం. పేలుళ్ల సినిమా ఇంట్లో కూడా తన పని తాను చేసుకుపోతుంది, మధ్యలో లేచి వెళ్లివచ్చినా కథ అందుతుంది. నెమ్మదైన సినిమాకు మన శ్రద్ధ తప్ప వేరే ఆసరా ఉండదు. ఆ శ్రద్ధను ఇంట్లో ఇవ్వగలమా అన్నది మనల్ని మనం నిజాయితీగా అడిగి తెలుసుకోవాలి.

మాటలే ప్రాణమైన కథ, కోర్టు కథ, ఇద్దరి మధ్య సంభాషణ, డాక్యుమెంటరీ, రెండోసారి చూస్తున్న సినిమా ఇంటికి సరిపోతాయి. మొదటిసారి చూసే పాత చిత్రం ఎప్పుడైనా పెద్ద తెర మీద మళ్లీ వేస్తే, కొత్త సినిమాను పక్కన పెట్టి అయినా దానికే వెళ్లమంటాను. కొత్తది తర్వాత ఇంటికి వస్తుంది, పాతది మళ్లీ హాలుకు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. హాలు నాణ్యత కూడా ముఖ్యమే. మసకబారిన ప్రొజెక్టరు, మాటిమాటికీ తలుపు తెరుచుకునే హాలు కంటే, లైట్లు ఆర్పి ఫోన్‌ను వేరే గదిలో పెట్టిన ఇల్లు మేలు.

అభిప్రాయం చెప్పడంలో ఎంపికలు

సినిమా చూశాక అభిప్రాయాన్ని చెప్పడానికి ఉన్న పద్ధతులను కూడా పోల్చుకోవాలి, ఎందుకంటే పద్ధతిని బట్టి అభిప్రాయమే మారిపోతుంది.

హాలు గుమ్మంలో చెప్పే మాటలో ఉద్వేగం ఉంటుంది, తూకం ఉండదు. ఒక రాత్రి గడిచాక చెప్పే మాటలో తూకం వస్తుంది, కానీ అప్పటికి నలుగురు చెప్పినవి కూడా మనసులో చేరి ఉంటాయి. నేను రెండూ చేస్తాను. బయటికి రాగానే రెండు మూడు వాక్యాలు ఫోన్‌లో రాసుకుంటాను, ఎవరికీ పంపను. మర్నాడు వాటిని చదివి, ఇంకా నిజమనిపించినవి మాత్రమే చెబుతాను. మొన్న ఒక సినిమాకు 'అద్భుతం, ముఖ్యంగా వంతెన మీద సన్నివేశం' అని రాసుకున్నాను. మర్నాడు చూస్తే వంతెన మాత్రమే గుర్తుంది, మిగతా రెండు గంటల్లో చెప్పుకోదగినది ఏదీ తట్టలేదు. అభిప్రాయంలో అదే చెప్పాను.

స్టార్ల రేటింగులు, శాతాలు తేలికైన దారి, కానీ అవి ఏం కొలుస్తున్నాయో తెలియకుండా వాడితే దారి తప్పిస్తాయి. 1998లో మొదలైన, విమర్శకుల సమీక్షలను ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ అనే వెబ్‌సైటు చూపించే శాతం సినిమాకు వేసిన మార్కు కాదు. ఎంతమంది విమర్శకులు మొత్తం మీద బాగుందన్నారో చెప్పే లెక్క, అది 60 శాతానికి చేరితే 'ఫ్రెష్' గుర్తు వస్తుంది. పదిమంది విమర్శకులూ ఒక సినిమాకు అయిదుకు మూడు ఇచ్చి 'పరవాలేదు, చూడవచ్చు' అన్నారనుకుందాం. అది 100 శాతం అవుతుంది. మరో సినిమాకు ఏడుగురు అయిదుకు అయిదూ, ముగ్గురు ఒకటీ ఇస్తే అది 70 శాతం, కానీ సగటు 3.8. నాకైతే రెండో సినిమాయే చూడాలనిపిస్తుంది. అలాంటిదే మరో వెబ్‌సైటు మెటాక్రిటిక్ ఇచ్చే అంకె సగటు రకానికి చెందినది, అందులోనూ కొందరు విమర్శకుల మాటకు బరువు ఎక్కువ. లెటర్‌బాక్స్‌డ్ వంటి చోట్ల మామూలు ప్రేక్షకులు అర స్టారు చొప్పున అయిదు వరకు ఇస్తారు, చూసిన తేదీని కూడా నమోదు చేసుకుంటారు. ఎవరూ నష్టపోకూడదంటే శాతం చూడండి, గట్టిగా కదిలించే సినిమా కావాలంటే సగటు చూడండి, అంతకంటే కూడా అభిప్రాయాలు రెండుగా చీలిపోయిన సినిమాల మీద కన్నేయండి. ఈ అంకెల్లో ఏదీ చూసినవారు ఎక్కడ కూర్చుని చూశారో చెప్పదు.

అందుకే మాటల్లో చెప్పే అభిప్రాయానికే నా ఓటు. అది పొడుగ్గా ఉండనక్కరలేదు. ఎక్కడ చూశారు, ఒకే బిగిన చూశారా, మనసు తెర మీద నుంచి ఎప్పుడు పక్కకు పోయింది, ఏ దృశ్యం ఇంకా వెంటాడుతోంది, ఎవరికి నచ్చుతుంది అన్న నాలుగైదు సంగతులు చెబితే వినేవారికి నిర్ణయించుకోవడానికి కావలసినంత దొరుకుతుంది. 'బోర్' అన్న ఒక్క మాట కంటే 'గంట దాటాక ఫోన్ చూశాను, అప్పటికి నాయకుడికి ఏం కావాలో నాకు తెలియలేదు' అన్న వాక్యం ఎంతో ఉపకరిస్తుంది. కథలో మలుపు ఎక్కడుందో చెప్పకూడదన్నది అందరికీ తెలుసు. ఒక మలుపు ఉందని చెప్పడం కూడా చాలావరకు దానిని పాడుచేస్తుందన్నది కొద్దిమందే పట్టించుకుంటారు.

ఎవరి మాట నమ్మాలంటే, మీతో రుచి కలిసినవారి కంటే, మీతో ఎక్కడ విభేదిస్తారో మీకు బాగా తెలిసినవారి మాటను. మా ఇంట్లో ఒకరు నెమ్మదైన సినిమాలన్నింటినీ ఒకే గాటన కట్టి తోసిపుచ్చుతారు. ఆయన 'మరీ నెమ్మది' అంటే నాకు అది ఆహ్వానం లాంటిది. ఆయనే ఒక నెమ్మదైన సినిమాను మెచ్చుకుంటే అన్ని పనులూ ఆపి చూస్తాను.

నా స్నేహితురాలు ఆ సినిమాను మొన్న మళ్లీ చూసింది. ఈసారి సోఫాను టీవీకి దగ్గరగా లాగి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్‌ను వంటింట్లో వదిలి, ఒకే బిగిన. మొదటి అరగంట గురించి నేను చెప్పింది నిజమేనని ఒప్పుకుంది. ఆ వెంటనే, చివరి ఇరవై నిమిషాలు బలహీనంగా ఉన్నాయనీ, అక్కడ సంగీతం మోత వల్ల ఏదో గొప్ప సంగతి జరుగుతున్నట్టు అనిపిస్తుంది తప్ప పాత్రలు ఒక్క కొత్త నిర్ణయం కూడా తీసుకోవనీ చెప్పింది. నేను ఇంట్లో, తక్కువ ధ్వనితో, ఆ ఇరవై నిమిషాలు మాత్రం మళ్లీ చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. హాలులో ఆ మోతలో నాకది వినిపించలేదు.